జొన్నల కింద బాట

1938 జూన్ 9, గురువారం

తొలకరి పడింది. ఎర్రమట్టి అంటుకొని ఒక్కో చెప్పు జొన్నరొట్టె అంత మందమైంది. తమ్ముడు కుట్టిన కిర్రుచెప్పులు... ఎంత మట్టి పట్టినా కిర్రుమనడం మానవు. నేను వస్తున్నానని నాకంటే ముందే చాటేస్తాయి.

చింతరేవు వెళ్లి వచ్చాను. సాయమ్మకు ఏడో నెల పడింది. కాళ్లకు వాపు లేదు, కంటిరెప్పల లోపల ఎర్రగానే ఉంది, రక్తం తగ్గలేదు. బిడ్డ కదులుతోంది. చేయి పెట్టి చూస్తుంటే నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. రెండోది, పోయినేడు, గద్వాలలో నేను పనిచేసే దవాఖానకు తెస్తుండగా బండిలోనే పోయింది. ఆ బండి కుదుపులు ఇంకా మరిచిపోలేదు పిల్ల. ఈసారి బండి ఎక్కనంటే ఎక్కనంటోంది.

“నువ్వే రావాలె అక్క. నువ్వు నడిసొస్తవు గద.”

వస్తానన్నాను. ఇంక తప్పదు.

మా పేట దాటి, ఈతచెట్ల పక్కగా దిగి, బాలమ్మ బావి దగ్గర కాసేపు ఆగి, అక్కడి నుంచి చేల నడుమ కాలిబాట పడితే నేరుగా కృష్ణ ఒడ్డు. గుట్ట నీడ ఇంకా పొట్టిగా కాకముందే చేరిపోతాను. సాయమ్మ పెనిమిటి ఈరన్న పుట్టి నడుపుతాడు. కొత్తకోట సంతకు పోయేవాళ్లు, వనపర్తి బంధువులు, కోళ్లు, మేకపిల్లలు, అందరూ ఆ గుండ్రటి పుట్టిలో తిరుగుతూ ఏరు దాటేవాళ్లే. ఆ జనమంతా నడిచేది మా బాటే.

ఇవాళ బాట లేదు. దున్నేశారు. ఏటా ఇంతే, దిగులేమీ లేదు. విత్తే రోజున బాట వచ్చే చోట గొర్రు పైకెత్తి దాటిస్తారు. అక్కడ గింజ పడదు. చుట్టూ మొలక వచ్చాక నడుమ పాపిట తీసినట్టు ఎర్రగా కనిపిస్తుంది. మన కాళ్లు దాన్ని మళ్లీ గట్టి చేస్తాయి. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ వాళ్లకు దండం.

జూన్ 10

కాళ్ల నొప్పులు. ఆముదం రాసుకొని పడుకున్నా.

జూన్ 24, శుక్రవారం

బాట విత్తేశారు.

బాలమ్మ బావి దాటి నాలుగు అడుగులు వేసి ఆగిపోయాను. పాపిట లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకటే పచ్చగా, వేలెడంత జొన్న మొలక. గొర్రు ఎత్తలేదు.

నా వెనుక సంత సరుకుతో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లూ ఆగారు. మొలక మీద కాలు ఎలా పెడతాం? అన్నం తొక్కినట్టే కదా. కాసేపు నిలబడి చూసి, ఒక్క మాట మాట్లాడుకోకుండా వెనక్కి తిరిగాం. ఆ చేనుకు ఒక పక్క వాగు, ఒక పక్క ముళ్లపొదలూ రాతిగుండ్లూ. పక్కగా పోవడానికి లేదు. గట్టుపల్లి మీదుగా బండిబాట పట్టాల్సిందే.

బావి దగ్గరుండే బాలమ్మ సంగతి చెప్పింది. కోడేరు నుంచి కొత్తగా ఎవరో చెంద్రయ్య వచ్చి ఆ చేను కౌలుకు పట్టాడట. మనిషి ఎవరితోనూ కలవడట.

“మనం నడుసుడు ఇష్టం లేనట్టుంది బిడ్డ. ఉంటె గొర్రు లేపకపోవునా?”

నాకూ అలాగే అనిపించింది. నడిచేవాళ్ల పొట్ట కొట్టడానికే ఏరు దాటి వచ్చాడు కాబోలు!

బండిబాట దూరం... దూరానికి నేనేం జడవను. గట్టుపల్లి నడివీధికే నా జంకు. పటేలు ఇంటి ముందు మావాళ్లు చెప్పులు వేసుకొని నడవకూడదు. ఊరు మొదట విప్పి, చేత పట్టుకొని, ఊరు చివర మళ్లీ తొడుక్కోవాలి. ఆ వీధిలో రెండిళ్లలో పురుడు పోశాను నేను. ఆ పిల్లలు అరుగుల మీద ఆడుకుంటూ నా చేతిలో చెప్పుల్ని చూశారు.

కాలిబాట మీద ఆ బాధ లేదు. అక్కడ అరుగులు లేవు, పటేళ్లు లేరు. నా చెప్పులు నా కాళ్లకే ఉండేవి. పోయాక గానీ ఇంత కడుపు మండుతుందని తెలియలేదు.

జూన్ 26, ఆదివారం

ప్రార్థనలో పాస్టరుగారు ఎవరికి వారు కృతజ్ఞతలు చెప్పుకోమన్నారు. నేను చెప్పుకున్నవి — బాలమ్మ మజ్జిగ. ఎత్తు నుంచి దోసిట్లోకే పోస్తుంది, నిజమే. కానీ ఏనాడూ అడిగించుకోలేదు, నా దోసిలి నిండకముందు చెంబు ఎత్తలేదు. ఈరన్న పుట్టి. అందులో ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవాల్సిందే, లేకపోతే ఒక పక్కకు ఒరుగుతుంది. తమ్ముడి కుట్టు. నా మోకాళ్లు.

చెంద్రయ్య కోసం ప్రార్థించమని మనసు చెప్పింది. వచ్చే ఆదివారం చూద్దాం అన్నాను.

జులై 8, శుక్రవారం

మళ్లీ గట్టుపల్లి మీదుగానే. చెప్పులు చేతిలోనే. నిన్నటి వానకు వీధి బురద బురద. ఒకందుకు మేలే, కాళ్లు కాలలేదు.

బండిబాట పట్టబోయే ముందు అలవాటు చొప్పున చేను దాకా వెళ్లి చూశాను. మోకాలెత్తు జొన్న, మంచి పైరు, కలుపు లేదు. నడుమ ఒక మనిషి నిలబడి నన్నే చూస్తున్నాడు. బక్కగా, తలకు కంబళి కప్పుకొని. అతనే కాబోలు. అతను పలకరించలేదు. నేనెందుకు పలకరిస్తాను? వెనక్కి తిరిగాను.

సాయమ్మ బాగుంది. నేను ఇంకా రాలేదని బాట వైపే చూస్తూ కూర్చుందట. ఈ దూరానికి నొప్పుల వేళ అందుకోగలనా... ఆ మాట దాని ముందు అనలేదు.

జులై 19, మంగళవారం

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

దవాఖానకు చెంద్రయ్య వచ్చాడు. కలుపు తీస్తుంటే బొటనవేలు తెగిందట. డాక్టరమ్మ లోపల ఉంది, కట్టు కట్టడం నా వంతు పడింది. మండే మందే తీసుకున్నాను. అబద్ధమెందుకు, కొంచెం ఎక్కువే పోశాను. మనిషి వేలు వెనక్కి లాక్కోలేదు. కట్టు అయ్యాక కూడా లేవలేదు. నేల చూస్తూ అడిగాడు.

“అమ్మ, నువ్వు గా తొవ్వల తిరుగుతవు గద. జర నిజం చెప్పు. నా చేన్ల ఏమున్నది?”

అర్థం కాలేదు.

“అందరు నా చేను దాక వస్తరు. జరసేపు నిలవడి సూస్తరు. మాట్లాడకుంట ఎన్కకు మర్లుతరు. నువ్వు గూడ గట్లనే మర్లితివి. దయ్యం గిట్ల ఉన్నదా? మా ఇంటామె పరేషాన్ల వడ్డది, పొద్దుగూకినంక చేను మొకాన చూస్తలేదు.”

నా చేతిలో దూది అలాగే ఉండిపోయింది. దయ్యం కాదయ్యా, బాట ఉంది అన్నాను. నీ జొన్నల కింద మా బాట ఉంది. గొర్రు ఎత్తాల్సిన చోట నువ్వు ఎత్తలేదు.

అతను కౌలుకు పట్టేనాటికే చేను దున్ని ఉందట. బాట జాడే లేదట. చేనిచ్చిన ఆసామి చెప్పలేదు. మేమెవరం చెప్పలేదు. కావాలనే విత్తాడని మేమనుకున్నాం, మనుషులు తనను చూసి జడుస్తున్నారని అతననుకున్నాడు. నెల రోజులు! ఒక్కరైనా “ఏమయ్యా” అని పిలిచి ఉంటే...

“మా దిక్కైతె తొక్కుకుంట పోతుండ్రి, నాకు తెలుస్తుండె” అన్నాడు. మొలక తొక్కడం మాకు రాదన్నాను. తల ఊపాడు. తనకూ రాదట. కోడేరులోనూ ఎవరూ తొక్కరట, ఊరికే అన్నాడట. ఇద్దరం నవ్వేశాం. డాక్టరమ్మ బయటికి వచ్చి చూసింది.

ఇప్పుడు పైరు నడుమెత్తు. పెరికేయమని నేనెలా అనగలను? పంట కోసినంక చూద్దామమ్మా, వచ్చేయేడు తప్పకుండా గొర్రు ఎత్తుతా అని చెప్పి లేచాడు.

సాయమ్మ సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో. నిలబడి విని, బాట ఎటు నుంచి ఎటు అని ఒక్కసారి అడిగి వెళ్లిపోయాడు.

జులై 20

చెంద్రయ్య కోసం ప్రార్థించాను. ఆదివారం దాకా ఆగలేదు.

ఆగస్టు 5, శుక్రవారం

పడమర వానలు. ఏరు రంగు మారింది. ఈరన్న పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లించాడు.

గట్టుపల్లి దగ్గర వాగు మోకాళ్ల దాకా ఉంది. చెప్పులు అక్కడా చేతిలోనే, వాగులోనూ, వీధిలోనూ. సాయమ్మ పాదాలకు కొంచెం నీరు దిగింది. ఉప్పు తగ్గించమన్నాను. నా కొంగు పట్టుకొని, వాగు పెద్దగా వస్తే ఎట్లక్కా అంది. దేవుడున్నాడు అన్నాను. దేవుడు సరే, నువ్వు రావాలె కద అంది.

ముందే వచ్చి ఇక్కడ ఉండిపోతానని డాక్టరమ్మను అడిగి చూడాలి.

ఆగస్టు 8

అడిగాను. వార్డులో జ్వరాల వాళ్లు నిండిపోయారు, కుదరదంది. ఆమెనూ అనలేను. పిలుపు వస్తే ఏ క్షణమైనా వెళ్లమంది, అదే పదివేలు. సంచి సర్దుకున్నాను — కత్తెర, దారం, ఉడికించిన గుడ్డలు, డెట్టాలు, ఈ పుస్తకం.

ఆగస్టు 21

వాన. వాన. వాన.

ఆగస్టు 23, మంగళవారం

చింతరేవు. సాయమ్మ గుడిసె. మధ్యాహ్నం. నొప్పులు వస్తున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ వస్తున్నాయి. ఇప్పుడు కాస్త కన్ను మూసింది. చేతులు ఊరికే ఉంచలేక రాస్తున్నా.

పొద్దున్నే ఈరన్న వచ్చాడు, నిలువునా తడిసి. గట్టుపల్లి వాగు మెడ దాటి పారుతోంది. “నేను ఈదిన. నువ్వెట్ల వస్తవక్క?” అని గుమ్మంలోనే కూలబడ్డాడు. ఏటిలో పుట్టి నడిపేవాడు వాగు చూసి ఏడుస్తున్నాడు. లేవమన్నాను. సంచి తీసుకున్నాను. ఇద్దరం ఈతచెట్ల వైపే నడిచాం, మరో దారి లేదు కాబట్టి.

బాలమ్మ బావి. తర్వాత చేను. జొన్న నా తలకంటే ఎత్తుంది, పొట్ట మీద ఉంది. ఇంకొన్నాళ్లకు కంకి తీస్తుంది. కడుపుతో ఉన్న చేను. మళ్లీ ఆగిపోయాం ఇద్దరం, గట్టు మీద. చేయి ముందుకు రాదు, కాలు ముందుకు రాదు. ఆ గుడిసెలో పిల్ల ఎదురుచూస్తోందని తెలిసి కూడా!

చెంద్రయ్య చేను పక్కనున్న తన గుడిసెలోంచి చూసినట్టున్నాడు. కొడవలితో వచ్చాడు. ఈరన్న ముఖం చూశాడు, నా సంచి చూశాడు. మేము ఏమీ అడగలేదు. చేను వైపు తిరిగి ఒక్కసారి దండం పెట్టి, వంగి కోయడం మొదలుపెట్టాడు. నా భుజాల వెడల్పున, నేరుగా ఏటి వైపు. అతని ఇంటామె వెనుకే వచ్చి కోసిన మోపులు పక్కకు వేస్తోంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, చేతులు మాత్రం ఆగలేదు.

నేను చెప్పులు విప్పాను. ఎవరూ విప్పమనలేదు. ఆ పైరు మీద చెప్పుకాలు పెట్టబుద్ధి కాలేదు, అంతే. చేత పట్టుకొని అడుగు వేశాను.

చెంద్రయ్య వెనక్కి తిరిగి చూశాడు.

“చెప్పులు ఏసుకో అమ్మ. మోళ్లు గుచ్చుకుంటయి.”

ఇంత వయసొచ్చింది నాకు. చెప్పులు విప్పమన్నవాళ్లనే చూశాను. వేసుకోమన్న నోరు ఇదే మొదటిది. నిలబడి తొడుక్కున్నాను. కళ్లు కనిపించక కుడి ఎడమలు తారుమారయ్యాయి, మళ్లీ వేసుకున్నాను. చేనంతా కిర్రుకిర్రు.

ఆ చివర గట్టు ఎక్కాక వెనక్కి చూశాను. జొన్నల నడుమ సన్నగా, నేరుగా... మా పాత బాటే. అతనికి ఎవరూ చూపించలేదు. వేలికి కట్టు కట్టిన రోజున ఎటు నుంచి ఎటు అని ఒక్కసారి అడిగాడు, అది గుర్తు పెట్టుకున్నాడేమో. ప్రభువా, ఈ మనిషికి ఏమిచ్చి తీర్చుకోను?

సాయమ్మ లేచింది. నా చెప్పుల చప్పుడు వినపడగానే కాన్పు సగం అయిపోయినట్టు అనిపించిందట. సగమే పిల్లా, మిగతా సగం నువ్వు పడాలి అన్నాను. నవ్వబోయి నా మణికట్టు పట్టుకుంది.

బిడ్డ అడ్డం తిరగలేదు. తల కిందికే ఉంది. కానీ గుండె చప్పుడు ఇందాకటి కంటే నెమ్మదిగా వినిపిస్తోంది. నా చెవి తప్పేమో. మళ్లీ వినాలి.

బయట ఈరన్నతో ఎవరో మాట్లాడుతున్నారు. చెంద్రయ్య గొంతు. కోసిన బాట వెంటే వచ్చాడు. ఏమైందని అడుగుతున్నాడు. ఇంకా ఏం కాలేదని ఈరన్న చెబుతున్నాడు. వెళ్లిపోలేదు, గుమ్మం బయట నా చెప్పుల పక్కనే కూర్చున్నట్టున్నాడు.

సాయమ్మ పిలుస్తోంది. నొప్పి పట్టు బిగిసింది ఈసారి, బిడ్డ వచ్చే వేళైంది —