తలుపు దాకా వెళ్ళాను

పెద్దాడి అమ్మకు ఆశీస్సులు. ఆపరేషనైన కంటి కట్టు విప్పారు, బాగానే కనబడుతోంది, దిగులు పడకు.

పసితనం నుంచి ముసలితనం దాకా మనిషి మనసెలా ఎదుగుతుందో మన మనవరాలు చదువుతోంది కదా. గదిలో ఒక్కణ్ణే వదల్లేక నిన్న నన్నూ క్లాసుకు తీసుకెళ్ళింది. తల్లి బయటికి వెళితే ఏడాది పిల్ల ఏం చేస్తుందో చూడడం అక్కడి పాఠం. తల్లి వెళ్ళింది. పిల్ల బొమ్మతో ఆడుకుంటూనే ఉంది. ఇంతలో మనవరాలు మంచినీళ్ళకని లేచింది. నేను గబగబా తలుపు దాకా వెళ్ళి దాని చున్నీ పట్టుకున్నాను.

"పరీక్ష నీకు కాదు తాతా, పాపకి!" అంది. అందరూ నవ్వారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఈ కార్డు పెద్దాడి కంట పడనీయకు.

కుళాయి బాగు చేయించావా? నా నీలం చొక్కా పంపు. వద్దు, నువ్వే తీసుకురా. ఎవరైనా అడిగితే మనవరాల్ని చూడ్డానికని చెప్పు. కోడలికీ పిల్లలకీ దీవెనలు.