మొగుని పేరు చెప్పని సంఘం

చర్ల నుంచి

అక్కకు తమ్ముడు సత్యం నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ సుఖంగానే ఉన్నాను. కొత్తగూడెంలో నువ్వూ బావా పిల్లలూ బాగున్నారనీ, బావకు రాత్రి షిఫ్టు తప్పి కంటినిండా నిద్ర పడుతున్నదనీ అనుకుంటున్నాను. నీ నడుము నొప్పి ఎట్లా ఉంది? దవాఖానాకు పోయావా, ఇంకా ఆముదం రాసుకుంటూనే కాలం గడుపుతున్నావా?

ముందే చెబుతున్నాను, నాకు జ్వరం రాలేదు. ఉత్తరం విప్పగానే నీ కళ్లు దానికోసమే వెతుకుతాయని తెలుసు. దోమతెర కట్టుకునే పడుకుంటున్నాను, నీళ్లు కాచుకునే తాగుతున్నాను. కిరాయి గది చిన్నదే కాని వానకు కురవదు. కూరగాయలు సంతరోజున తప్ప దొరకవు కాబట్టి ఒకరోజు పప్పు, మర్నాడు మళ్లీ పప్పు. నువ్విచ్చిన చింతకాయ తొక్కు సీసా ఖాళీ అయింది, ఎవరైనా ఇటు వస్తే పంపు. సాయంత్రం భద్రాచలం బస్సు వెళ్లిపోయాక మొదట్లో ఇల్లు గుర్తొచ్చి అన్నం సహించేది కాదు. ఇప్పుడు ఆ వేళకు బట్టలు ఉతుక్కుంటున్నాను, పొద్దు గడిచిపోతుంది. నా గురించి రంది పెట్టుకోకు.

వకీలు చదువు చదివి అడవిలో ఏం చేస్తున్నాడని బావ అడిగాడట. చిన్న చిన్న సంఘాలకు చట్టం చెప్పడం నా పని. సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవాలనీ, ఏడాదికోసారి అందర్నీ పిలిచి లెక్క చెప్పాలనీ, అధ్యక్షురాలైనంత మాత్రాన సంఘం ఆమె సొత్తు కాదనీ చెబుతాను. నల్లకోటు లేదు, చాప మీద కూర్చునే చెబుతాను. మధ్యలో ఎవరి మేకో వచ్చి నా కాగితం నములుతుంది. అయినా బాగుంది అక్కా, ఉన్నమాట చెబుతున్నాను.

ఈ మధ్య జరిగిన సంగతి చెబుతాను. వాగు అవతల ఊళ్లో ఒక ఆడవాళ్ల సంఘం ఉంది. అక్కడ ఇప్పటికీ వడ్లు రోట్లోనే దంచుకుంటారు. రిజిస్టరైన సంఘానికైతే వడ్లు పట్టే మర ఇస్తామని సర్కారు వాళ్లు మాటిచ్చారు. వానలకు వాగు పొంగేలోపు ఆ కాగితం చూపించాలి, లేకపోతే మర ఇంకో ఊరికి పోతుంది. నియమాలన్నీ రాశాం. అధ్యక్షురాలిగా ముత్తమ్మ అనే ఆమెను ఎన్నుకున్నారు. ఇక సభ్యుల వివరాలు రాద్దామని భర్తల పేర్లు అడిగితే అందరూ తలలు వంచుకున్నారు.

మన నాయనమ్మ లాగే వీళ్లు కూడా మొగుని పేరు పలకరు. ఊరంతా చుట్టాలే కాబట్టి మామ పేరూ బావ పేరూ కూడా పలకరు. చివరికి అందరికన్నా పెద్దదైన కన్నమ్మవ్వ పూనుకున్నది. "ముత్తమ్మ మొగడా? బుడ్డోడు. గీమె మొగడు నల్లోడు. గామె మొగడు గున్నడు" అని వరసగా చెప్పింది. నేను మర్యాదస్తుణ్ని కదా, అందరికీ చివర అయ్య తగిలించి బుడ్డయ్య, నల్లయ్య, గున్నయ్య అని చక్కగా రాసి ఖమ్మంలో రిజిస్ట్రారు ఆఫీసుకు పంపాను.

ఓటర్ల జాబితాలో ఈ పేర్లవాళ్లు ఒక్కరూ లేరని కాగితాలు తిరిగొచ్చాయి. తీరా చూస్తే అవన్నీ వాళ్లు పిల్లలుగా ఉన్నప్పుడు అవ్వ పెట్టుకున్న ముద్దుపేర్లు. మన బుడ్డయ్యగారు తల వంచకుండా నీ గుమ్మంలో పట్టరు. అప్పటికే మబ్బులు పట్టాయి. వేరే దారి తోచక, మగవాళ్లనే వచ్చి పేర్లు చెప్పమన్నాను.

వచ్చారు. ముత్తమ్మ భర్త బీడీ ఆర్పి అన్నాడు గదా, "పేర్లు మాయే గావాలంటివి. ఇగ సంఘం గూడ మా పేరనే రాయరాదు సారూ? ఆడోళ్లకు మర నడుపుడు ఏం తెలుస్తది?"

"అవ్, గట్లనే మంచిగుంటది" అన్నారు మిగతా వాళ్లు.

ఇన్నాళ్లు కష్టపడి నిలబెట్టిన సంఘాన్ని నా చేతులతోనే మగవాళ్ల ముందు పెట్టినట్టయింది.

అప్పుడు ముత్తమ్మ మెల్లగా, "సారూ, పెండ్లిగాక ముందుగాల నేను ఎవరిదాన్ననో ఒకరిదాన్నే గద. మా నాయన పేరు చెప్తే మీ కాయితం ఒప్పుకోదా?" అని అడిగింది.

కాగితం చూశాను. 'తండ్రి లేక భర్త పేరు' అని అచ్చయి ఉంది. పెళ్లయిన ఆడమనిషి కనబడగానే భర్త పేరు అడగడం నాకు కోర్టు దగ్గర అబ్బిన అలవాటు. ఒప్పుకుంటుందని చెప్పాను.

"అయితే రాయిండ్రి. మా నాయన సోమయ్య" అన్నది ముత్తమ్మ, అందరికీ వినబడేటట్టు.

ఇక ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఉత్త పేరు చెప్పి ఊరుకోలేదక్కా. ఒకామె తండ్రి పండుగలకు డోలు కొట్టేవాడట. ఇంకొకామె తండ్రి గోదావరి మీద పడవ నడిపేవాడట. కన్నమ్మవ్వ మాత్రం పేరు చెప్పి కొంగుతో ముఖం తుడుచుకున్నది. "ఎన్నేండ్లాయెనో బిడ్డా, మా నాయన పేరు నా నోట్లకెల్లి వచ్చి" అన్నది. మగవాళ్లు కాసేపు కూర్చుని, ఇక తమతో పనిలేదని తెలిసి నవ్వుకుంటూ లేచిపోయారు.

సంఘం రిజిస్టరైన కాగితం మొన్ననే వచ్చింది. వాగులో నీళ్లు మోకాలు దాటాయి, సంచీ నెత్తిన పెట్టుకుని దాటి ముత్తమ్మ చేతికిచ్చి వచ్చాను. మర వానలు తగ్గాక వస్తుందట. దానికి కొట్టం వేయడానికి బుడ్డయ్యగారే వాసాలు కొట్టుకొస్తున్నారు.

ఆ సాయంత్రం గదికొచ్చి నాన్న పేరు పైకి అన్నాను. గనిలో పోయినప్పటి నుంచి మనిద్దరం ఆ పేరు ఎత్తలేదు, ఏడుస్తామని. ఈసారి ఏడుపు రాలేదు. ఎదురుగా ఉన్నట్టే అనిపించి సంతోషం కలిగింది. నువ్వు కూడా ఒకసారి అని చూడు.

బావకు నా నమస్కారాలు చెప్పు, పిల్లలను ముద్దుపెట్టుకున్నానని చెప్పు. పక్క క్వార్టరు పెద్దమ్మను అడిగానని అను. నీ దీవెన ఉంటే నాకు ఇక్కడ ఏ లోటూ లేదు.

కవరు మీద బావ పేరు లేదని ఈపాటికి చూసే ఉంటావు. పోచయ్య కూతురు రాజమ్మ అని కావాలనే రాశాను. క్వార్టరు నంబరు వేశాను కాబట్టి చేరుతుంది. బావ ఏమన్నా అంటే నన్ను తిట్టమను. ఆ కవరు మాత్రం పారేయకు.

పోచయ్య కొడుకు,
నీ తమ్ముడు
సత్యం