విల్లంగంలో లేని పేరు

చిత్తూరు పట్టణంలో కాపురముంటున్న, బెల్లం మండీ కీర్తిశేషులు మునిరామయ్య గారి భార్య పంకజాక్షి, వయస్సు అరవై ఎనిమిది, ఎవరి బలవంతమూ లేకుండా, తన ఇష్టప్రకారం రాయించి పెట్టిన వీలునామా ఏమనగా:

నా మతి స్థిమితంగా ఉంది. ఈ మాట డాక్టరు గారు కూడా రాసిచ్చారు. నాకు మతి తప్పిందని నా మరిది వరదయ్య మండీలో నలుగురి ముందు చెప్పినందువల్ల ఆ చీటీ తీసుకోవలసి వచ్చింది. దాన్ని ఈ కాగితానికి జతపరిచాను. మోకాళ్లు మాత్రం పనిచేయడం లేదు. మోకాళ్లతో వీలునామా రాయరు గనుక ఇబ్బంది లేదు.

1. దీన్ని అమలు జరిపించే బాధ్యత వకీలు సంపత్కుమార్ గారిది. నా వ్యాజ్యం గెలిపించింది ఆయనే. అంతకు ముందు నేను ఎప్పుడు వెళ్లినా, మీ అత్తగారి వీలునామా నకలు తెండి, మిగతాది నేను చూసుకుంటాను అనేవారు. దాహమని వచ్చినవాడిని ముందు బావి తవ్వుకుని రమ్మన్నట్టు ఉండేది. అయినా ఆయన అబద్ధమాడరు. ఈ ఊళ్లో వకీళ్ల గురించి ఇంతకంటే పెద్ద మాట చెప్పలేను.

2. ఆస్తి ఎవరికి అని చెప్పేముందు అది నాకెట్లా వచ్చిందో చెప్పాలి. లేకపోతే తానే దానం చేశానని వరదయ్య రేపు చెప్పుకోగలడు. నేనుంటున్న ఇల్లు మా అత్తమ్మ సుబ్బులమ్మ గారిది. పుట్టింటివారు పెట్టిన నగలు అమ్మి తన పేరిట కొనుక్కున్నది. ఆమెకు ఇద్దరే కొడుకులు. పెద్దవాడు నా భర్త, చిన్నవాడు వరదయ్య. నా భర్త తల్లికంటే ముందే పోయారు. మాకు పిల్లలు లేరు. అట్లాంటి కోడలికి అత్త ఆస్తిలో చట్టం చిల్లిగవ్వ కూడా ఇవ్వదు. ఈ సంగతి అత్తమ్మకు ఎవరు చెప్పారో తెలియదు. ఒకరోజు చింతపండులో గింజలు తీస్తూ, ఇల్లు నా పేరిట వీలునామా రాసి రిజిస్ట్రాఫీసులో పెట్టించానని చెప్పింది. "ఈ ఇంట్లోంచి నిన్ను ఎవురూ పొమ్మనలేరు మే" అన్నది. మళ్లీ గింజలు తీసుకుంటూ కూర్చుంది. నా జీవితంలో నాకోసం ఎవరైనా ఆలోచించారని తెలిసింది ఆ పూటే.

3. అత్తమ్మ ఇనప్పెట్టె, దాని తాళంతో సహా, వరదయ్యకు. ఆమె శివరాత్రికి శ్రీకాళహస్తి వెళ్లి, జాగరం చేసి, మరునాడు సత్రంలోనే కన్నుమూసింది. పుణ్యాత్మురాలని ఊరంతా అన్నది. స్వర్ణముఖి ఒడ్డున కర్మలు చేసి వచ్చిన వరదయ్య నేరుగా ఈ పెట్టె దగ్గరికి వెళ్లాడు. తల్లి పోయిన దుఃఖంలో మనిషికి ఏదో ఒక పని కావాలి కదా. తలుపు వేసుకుని చాలాసేపు దుఃఖపడ్డాడు. బయటికి వచ్చి, పెట్టెలో కాగితమంటూ ఏదీ లేదన్నాడు. కాబట్టి ఖాళీ పెట్టె ఆయనకే చెందడం న్యాయం. ఆ తర్వాత ఆయన ధర్మబుద్ధితో నన్ను పెరటి గదిలో ఉండనిచ్చాడు.

4. నేను వీలునామా మాట ఎత్తినప్పుడల్లా వరదయ్య సొంత ఖర్చుతో విల్లంగం తీయించి తెచ్చేవాడు. ఒక ఆస్తిని ఎవరు ఎవరికి అమ్మారు, ఎవరి దగ్గర తాకట్టు పెట్టారు అన్నది రిజిస్ట్రాఫీసులో పుస్తకం వెతికి రాసిచ్చే కాగితాన్ని మా వైపు విల్లంగం అంటారు. మా చిత్తూరువాళ్లకు అది దేవుడి వాక్కు. పెళ్లి సంబంధానికి జాతకం చూసేముందు విల్లంగం చూస్తారు. అందులో లేనిది లోకంలోనే లేదని వీధి వీధంతా నమ్ముతుంది, నేనూ నమ్మాను. వరదయ్య ఆ కాగితాన్ని నా ముందు విప్పి పట్టుకుని, వేలితో వరసగా చూపించి, "సూడు వదినా, నీ పేరు యాడా లేదు" అనేవాడు. ఎంత ఓపిక! ప్రతి ఉగాదికీ నాకు చీర పెట్టకపోయినా విల్లంగం పెట్టాడు. ఆ కాగితాలన్నీ కట్టగట్టి ఉన్నాయి. వాటిని ఆయన భార్య, నా తోడికోడలు భారతమ్మకు ఇస్తున్నాను. పొయ్యి రాజేయడానికి బాగుంటాయి.

5. వీలునామాను అత్తమ్మ పోయాక ఎవరైనా కోర్టులో దాఖలు చేశారేమోనని కచేరీల చుట్టూ కూడా తిరిగాను. దావా నంబరు చెబితే వెతుకుతామన్నారు. నంబరే తెలిస్తే నేనెందుకు వెతుకుతాను? అదే అడిగాను. నన్ను ఇంకో బల్ల దగ్గరికి పంపారు.

6. నా చేతి గాజులు రెండూ అమ్మి, ఆ డబ్బుతో ప్రతి ఎండాకాలమూ రిజిస్ట్రాఫీసు ఎదుట చలివేంద్రం పెట్టించాలి. మజ్జిగలో అల్లం వేయాలి. ఎందుకంటే, ఒక ఏడు వరదయ్యకు జ్వరం వచ్చి, విల్లంగానికి నేనే వెళ్లాను. అక్కడ వరండాలో ఐరాల నుంచి వచ్చిన ఒకామె గుమాస్తాతో తగువు పడుతోంది. వాళ్ల నాయన వీలునామా రాశాడట, అందులో ఏముందో చూపించమంటుంది. గుమాస్తా మంచివాడే, విసుగు మాత్రం ఎక్కువ. "రాసినోడు బతికుండంగా ఆ పుస్తకం ఎవురికీ సూపించం. ఆయప్ప పొయినాక సావు సర్టిఫికెట్టు ఎత్తుకొని రా, అప్పుడు సూపిస్తాం" అన్నాడు. ఆ పుస్తకం అంటే ఏ పుస్తకమని నేను అడిగాను. వీలునామాలకు వేరే పుస్తకం ఉంటుందని, అవి విల్లంగంలో ఎన్నటికీ రావని ఆయన చెప్పాడు. నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. అప్పుడు ఆ ఐరాల ఆమె తన సీసాలోని మజ్జిగ నాకు తాగించింది. ఆమె పేరు అడగలేదు. చలివేంద్రం ఆమెకోసం.

7. మా పురోహితులకు ఒక పంచె, వారి పాత పంచాంగాల కట్టకు కొత్త గుడ్డసంచి. మా ఇళ్లలో చావుకు తిథి ఉంటుంది, తేదీ ఉండదు. అత్తమ్మకు ఏటేటా మాఘ బహుళ అమావాస్యకు తద్దినం పెట్టాం. ఒక్క ఏడూ తప్పలేదు, వడలు కూడా తక్కువ కాలేదు. శ్రీకాళహస్తి మునిసిపాలిటీలో చావు సర్టిఫికెట్టు అడిగితే ఇంగ్లీషు తేదీ చెప్పమన్నారు. మా ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తెలియదు. ఆమె చావును ఏ ఊళ్లో రాయించారన్నది కూడా వరదయ్య ఒక్కడికే తెలుసు, ఆయనకు జ్ఞాపకశక్తి తక్కువ. చివరకు పురోహితులు అటక మీద నుంచి కీలక సంవత్సరం పంచాంగం దింపి తేదీ చెప్పారు. ఆ తేదీ చెబితే శ్రీకాళహస్తిలోనే సర్టిఫికెట్టు దొరికింది. అది చూపించాక రిజిస్ట్రాఫీసులో ఆ వేరే పుస్తకం తెరిచారు. అత్తమ్మ వీలునామా ఉంది. ఆమె వేలిముద్ర కింద సాక్షి పేరు పెంచలయ్య అని ఉంది.

8. పెంచలయ్య మా మండీలో తూకం వేసేవాడు. అత్తమ్మ పోయిన నెలకే వరదయ్య అతనిమీద దయతలచి, రాకెట్ల కేంద్రం కడుతున్నారు, మంచి కూలి దొరుకుతుందని సూళ్లూరుపేటకు పంపించాడు. వెతుక్కుంటూ వెళ్లి, వీలునామా మీద సంతకం పెట్టింది నువ్వేనా అని అడిగాను. "నేనే పెట్టినానమ్మా. ఇన్నాళ్లూ నన్ను ఎవురూ అడగలేదు" అన్నాడు. కోర్టుకు వచ్చి అదే చెప్పాడు. ఇల్లు నాదని తీర్పు వచ్చింది. ఈ వీలునామాకు కూడా అతనే సాక్షి. సాక్షికి ఏదీ రాయకూడదని వకీలు గారు చెప్పినందున అతనికి ఇందులో ఏమీ రాయడం లేదు. నా భర్త శాలువా నిన్ననే అతని భుజాన కప్పేశాను. ఇవ్వదలచుకున్నది బతికుండగానే ఇచ్చేయడం మంచిదని నాకు ఆలస్యంగా తెలిసింది.

9. నా పెద్ద ఊరగాయ జాడీ భారతమ్మకు. అది తీసుకెళ్లి ఏళ్లయింది, ఆమె దగ్గరే ఉంది గనుక అప్పగించే శ్రమ లేదు.

10. వరదయ్య చిన్న కొడుకు సుందరరాజుకు కొలతల టేపు ఒకటి. పోయిన వేసవిలో నాకు జబ్బు చేసినప్పుడు పరామర్శకు వచ్చి, నేను కళ్లు మూసుకున్నానని ముందు గది కొలిచాడు. హడావుడిలో టేపు ఇక్కడే మరిచిపోయాడు. అది అతనిదే, కాబట్టి ఇది దానం కాదు, వాపసు.

11. ఇక మునిలక్ష్మి. ఈమె వరదయ్య పెద్ద కోడలు. భర్త ధనంజయ లారీ బోల్తాపడి పోయాడు. పిల్లలు లేరు. ఏడాది తిరక్కముందే ఆమె అత్తింట్లో పశువుల కొట్టం పక్కకు చేరింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాను. నా మోకాళ్లకు నూనె రాసేది ఈమే, నా నోటికి జడిసి కూడా నవ్వేది ఈమే. కూతురుంటే ఇట్లా ఉండేదా అని ఎవరైనా అడిగితే, ఇంత బాగా ఉండేది కాదని చెబుతాను. మొన్న ఆషాఢంలో వరదయ్య నా అరుగు మీద కూర్చుని, నాకు వినపడేట్టే ఆమెతో అన్నాడు: "మా వదిన ఉన్నన్నాళ్లు ఈడ ఉండు. ఆయమ్మ పొయినాక ఇల్లు ఎట్టాగూ మాకే వస్తాది. నువ్వు మీ అన్నల కాడికి పో."

ఆయన చెప్పింది చట్టమే. నేను ఏమీ రాయకుండా పోతే నా భర్త తమ్ముడిగా ఇల్లు ఆయనకే వస్తుంది. పోయిన పండక్కి మునిలక్ష్మి అన్నలు ఆమెను గడప దాటి లోపలికి రమ్మనలేదు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు, నాకు నిద్ర పట్టలేదు. నేను పడినదంతా ఈమె మళ్లీ పడుతుందా? నా కంఠంలో ప్రాణముండగా పడదు.

మునిలక్ష్మికి నా వంటపాత్రలు, రోలు, నా పట్టుచీరలు రెండు, అత్తమ్మ చింతపండు గింజలు తీసిన చేట.

12. ఇల్లు. ఇంతవరకు ఓపికగా చదివించుకున్న వరదయ్య, సుందరరాజు ఇప్పుడు కుర్చీలు ముందుకు జరుపుకోవచ్చు.

ఇల్లు ఈ వీలునామాలో లేదు. వీలునామా ఎక్కడ దాక్కుంటుందో, పెట్టెలోంచి ఎట్లా మాయమవుతుందో, సాక్షికి సూళ్లూరుపేటలో పని ఎట్లా దొరుకుతుందో తెలిసినదాన్ని, మునిలక్ష్మి చేతికి ఒక వీలునామా ఇచ్చి వెతుక్కోమంటానా? పోయిన నెల రిక్షాలో వెళ్లి ఇంటిని ఆమెకు దానపత్రంగా రాసి రిజిస్టరు చేయించాను. ఆమె ఒప్పుకుని సంతకం పెట్టింది. ఇప్పుడు నేనే ఆమె ఇంట్లో ఉంటున్నాను. అద్దె అడగలేదు, మంచి పిల్ల. వరదయ్యకు తెలియలేదు, ఎందుకంటే వ్యాజ్యం పోయినప్పటి నుంచి ఆయనకు విల్లంగం మీద విరక్తి కలిగింది.

13. కాబట్టి నా మరిది వరదయ్యకు చివరిగా, ఒక విల్లంగం తీయించడానికి అయ్యే రుసుము కవరులో పెట్టి వకీలు గారి దగ్గర ఉంచాను. దానపత్రాలు వీలునామాల్లాగా కాదు, విల్లంగం తీసే పుస్తకంలోనే ఉంటాయి. ఆయన స్వయంగా వెళ్లి తీయించి, ఎప్పటిలాగే ఓపికగా మునిలక్ష్మి ముందు విప్పి పట్టుకుని, వేలితో వరసగా చూపించాలి. ఈసారి పేరు ఉంటుంది.

నేను పోయిన రోజు తిథితోపాటు తేదీ కూడా గోడమీద రాసి పెట్టండి.

ఇది నేను చదివించుకుని, విని, ఒప్పుకుని, రక్తాక్షి నామ సంవత్సర కార్తీక పౌర్ణమి గురువారం, 1984 నవంబరు 8వ తేదీన చేసిన సంతకం.

(సం.) పంకజాక్షి

సాక్షులు:
(సం.) పెంచలయ్య, సూళ్లూరుపేట. ఎవరు అడిగినా చెబుతాడు.
(సం.) దేవనాథన్, విశ్రాంత ఉపాధ్యాయులు, పక్కిల్లు. అడగకపోయినా చెబుతారు.