తోటలో మర్చిపోయిన తువ్వాలు

ఏమండీ,

బాపట్లలో మన మామిడితోట విరగబూసింది. మీరు లేకుండా వచ్చిన మొదటి పూత.

మీ తమ్ముడు మంచు తడి కొలిచే పెట్టె పెట్టించాడు. నిన్న పొద్దున ఫోన్‌లో దాని లెక్క చూసి, "రాత్రి తడి లేదంట వదినా. పూతకి తెగులు రాదు, మందెందుకు?" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. వెళ్లి చూస్తే పెట్టె మోటారు షెడ్డు చూరు కింద, మంచు పడని చోట ఉంది.

"అక్కడైతే ఎవరూ ఎత్తుకుపోరని..." అంటూ నసిగాడు.

అప్పుడే మీ మీదా అనుమానం వచ్చింది. పిన్నీసు కూడా పోగొట్టని మనిషి, పూత రోజుల్లోనే తువ్వాలు తోటలో ఎందుకు మర్చిపోయేవారు? ఎన్నిసార్లు తిట్టానో! సాయంత్రం మీ తువ్వాలు కొమ్మకి కట్టి వచ్చాను.

ఈ పొద్దున కూడా చూరు కింది పెట్టె ఫోన్‌లో తడి లేదనే చెప్పింది. తువ్వాలు పిండితే నీళ్లు కారాయి.

మందు కొట్టించాను. తువ్వాలు మళ్లీ కొమ్మకే కట్టాను. నేనూ మర్చిపోయి రాలేదండీ.