నుదురు చూసి పాసు చేసిన సబ్బులు

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. మీ నాన్న మోకాలొక్కటే ఎవరి మాటా వినడం లేదు, అదీ ఆయన పోలికే. వేళకి తింటున్నానని రాశావు. సగం నమ్మాను.

నీ సైకాలజీ క్లాసు కోసం చెయ్యమన్న పరీక్ష మా సబ్బుల ఫ్యాక్టరీలో చేశాను. రంగులు కలిపే ఆయన చేత ఒకే వాసన వేసిన ముద్దని రెండు ముక్కలు చేయించి, ఒకదానికి పసుపు, ఇంకోదానికి ఆకుపచ్చ వేయించాను. సబ్బుల వాసన చూసే మా గదిలో ఉన్న ఇద్దరు ఆడపిల్లలూ పసుపుది నిమ్మకాయ అన్నారు. ఆకుపచ్చది పుదీనా అని ఒకమ్మాయి, కాదు తడిసిన గడ్డి అని ఇంకొకమ్మాయి పంతాలకి పోయారు. రెండూ ఒకటేనని చెబితే ఇద్దరూ ముక్కున వేలేసుకున్నారు. కన్ను ముందుగా చెప్పింది ముక్కు వింటుందని నువ్వు రాసింది నిజమే.

చిక్కంతా మా పెద్దాయనతో వచ్చింది. ప్రతి సబ్బునీ నిమిషంసేపు పీలుస్తారని ఆయన్ని దీర్ఘశ్వాస అంటాం. కొత్త వాసన ఏదైనా బజారుకి వెళ్ళాలంటే ఆయన సంతకం, నా సంతకం ఉండాలి. నా మొహం ఎవరికీ కనిపించకూడదని నువ్వు రాశావని నేను బీరువా వెనక కూర్చున్నాను. ఆయన రెండు ముక్కలూ పీల్చారు, కలం తీశారు, మూత పెట్టారు. రెండుసార్లు నీళ్ళు తాగే వంకతో బీరువా వెనక్కి తొంగి చూశారు. చివరికి నన్ను వరండాలోకి పిలిచారు.

"చెల్లెమ్మా, మొన్న ఊరంతా పాకిన జ్వరం నాకూ వచ్చి తగ్గినప్పటి నుంచి నాకు వాసనే తెలియట్లేదు. మూడు నెలలుగా నీ నుదురు చూసి రాస్తున్నాను. నువ్వు ముడివేస్తే ఘాటు ఎక్కువైందని రాస్తాను" అన్నారు.

ఇక్కడిదాకా రాసి రెండు వారాలు ఉత్తరం పక్కన పెట్టేశాను. ఇక దాచలేను తల్లీ. అదే జ్వరం నాకూ వచ్చింది కదా, అప్పుడే నా ముక్కూ పోయింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకుని, మూడు నెలలుగా నేను ఆయన నుదురు చూసి రాస్తూ వచ్చాను. అంటే ఇన్నాళ్ళూ ఒకరి నుదురు ఒకరు చూసుకుని ఊరందరికీ సబ్బులు పాసు చేశాం. ఆ సోమవారమే పసిపిల్లల సబ్బుకి సంతకం పెట్టాల్సి ఉంది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం, నాకు చేతనైంది ఇదొక్కటే.

మీ నాన్నకి చెబితే పేపరు మీంచి తల కూడా ఎత్తలేదు.

"మొదటి వారంలోనే తెలుసు. పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పొయ్యి పక్కనే కూర్చుని కూనిరాగం తీశావు. నువ్వే చెబుతావులే అని ఆగాను" అన్నారు.

మూడు నెలలుగా రోజూ నేను పడుకున్నాక లేచి గ్యాసు కట్టేశానో లేదో చూస్తున్నారట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నా గుట్టు. చాలాసేపు ఏడ్చాను.

మర్నాడు నేను, పెద్దాయన కలిసి మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పేశాం. ఆయన తల పట్టుకున్నారు. పసిపిల్లల సబ్బు ఆడపిల్లలిద్దరికీ అప్పజెప్పి, ముక్కులు వచ్చేదాకా మమ్మల్ని ప్యాకింగుకి పంపారు. అట్టపెట్టెలు మడవడంలో పెద్దాయన నాకన్నా అధ్వాన్నం.

వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, సాధన మాత్రం మానొద్దని డాక్టరు చెప్పారు. రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని కూర్చుంటాను. మీ నాన్న కాఫీపొడి, మిరియాలు, నిమ్మతొక్క, లవంగాలు ఒక్కొక్కటే నా ముక్కు దగ్గర పెడతారు. నిన్న సన్నగా, ఎక్కడో దూరంగా ఏదో తెలిసింది. "లవంగం" అన్నాను. "అవును" అన్నారు. సంతోషం పట్టలేక కళ్ళు తెరిచాను. ఆయన చేతిలో ఖాళీ కళ్ళజోడు పెట్టె ఉంది. లవంగాల డబ్బా కనిపించలేదట, వెతకడానికి లేచి వెళితే నేను నిరాశ పడతానని అది పెట్టారట.

కోపం రాలేదమ్మా. కానీ నాకు లవంగం వాసన వచ్చిన మాట నిజం. రంగు ముక్కుని నమ్మిస్తుందని రాశావు కదా. పక్కన మీ నాన్న కూర్చున్నా అలాగే అవుతుందేమో, మీ మాస్టారిని అడిగి రాయి.

ఇట్లు,
ఇవాళ మళ్ళీ కళ్ళు మూసుకుని కూర్చోబోతున్న
మీ అమ్మ