అన్నయ్యతో మెక్సికో బాక్సర్ల తగువు

ఆదివారం, ప్రోతరాపూర్

మధ్యాహ్నం బస్సెక్కి డాలీగంజ్‌లో అన్నయ్య ఇంటికి వెళ్లాను. వయసులో ఉండగా బాక్సింగ్‌లో తలకు తగిలిన దెబ్బలే ఇప్పుడు అతని జ్ఞాపకాన్ని తినేస్తున్నాయని డాక్టర్ చెప్పి ఏడాది కావస్తోంది. ఈ మధ్య మనుషుల్ని పోల్చుకోవడం కూడా కష్టమవుతోంది.

ఊరికే కూర్చోలేక మా పాత తగువు ఎత్తాను. వేర్వేరు కాలాల్లో ఆడిన ఇద్దరు మెక్సికో బాక్సర్లు, మంచి ఊపులో ఉండగా ఎదురుపడితే ఎవరు గెలుస్తారు? పదేళ్లుగా అన్నయ్యది పాతవాడి పక్షం, నాది కొత్తవాడి పక్షం.

"పక్కా కొత్తోడే గెలుస్తాడు" అన్నాడు అన్నయ్య.

పదేళ్లుగా ఒప్పించలేనిది ఈరోజు తనే ఒప్పేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తట్టుకోలేక అతని పక్షం నేనే తీసుకున్నాను.

"అలా ఎలా? పాతోడు వెనక్కి తగ్గే రకం కాదు. ఎడంచేత్తో డొక్కలో కొట్టి కొట్టి ఊపిరి తీసేస్తాడు. ఎనిమిదో రౌండుకి కొత్తోడి కాళ్లు కదలవు" అంటూ అన్నయ్య మాటలే అన్నయ్యకు చెప్పాను. వింటుంటే అతని ఎడమ పిడికిలి దానంతటదే బిగుసుకుంది.

"బాగా చెప్పావు భయ్యా. ఇవన్నీ నీకెవరు నేర్పారు?" అన్నాడు. నన్ను ఎప్పుడూ చిన్నోడా అనే పిలిచేవాడు.

"మా అన్నయ్య."

"అయితే ఆయన్నోసారి తీసుకురా. మాట్లాడాలి."

తీసుకొస్తానన్నాను. టీ గ్లాసులు పట్టుకొచ్చిన వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.