రెండో మైకు

జూన్ 2, సోమవారం

మా అమ్మాయి కరుణ పొద్దున్నే ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున డిగ్నాబాద్ వెళ్ళిపోయింది, మా అక్క ఇంటికి. సంచిలో నాలుగు జతల బట్టలు. "ఎన్నాళ్ళమ్మా?" అన్నాను. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. గుమ్మంలో నిలబడి వాళ్ళమ్మ సుగుణ నన్ను చూసిన చూపు... ఇక్కడ రాయను.

నిన్న మందిరంలో నా ప్రసంగం బాగానే మొదలైంది. వెకిలి హిందీ సినిమాల మీద. తండ్రిని వెక్కిరించడం, గురువును వెక్కిరించడం, దేవుణ్ణి సైతం వదలకపోవడం. బల్ల గుద్దాను. ఎప్పటిలా నేనొక మాట తెలుగులో, పక్కన రెండో మైకులో కరుణ అదే మాట హిందీలో — ఈ దీవుల్లోనే పుట్టి తెలుగు సరిగా అందని పిల్లల కోసం. ఆరేళ్ళుగా అంతే. నోరు వేడెక్కింది. "నా ఇంట్లోనే ఒకతె ఉంది" అన్నాను. తర్జుమా చేసింది. "తలుపేసుకుని ఫోనులో ఆ చెత్త చూసి పకపకా నవ్వుతుంది." తర్జుమా చేసింది. "ఆ నోటితో స్తుతి ఎలా పాడుతుంది?" అదీ చేసింది. ఒక్క మాట తగ్గించలేదు. ఆమెన్ దాకా చెప్పి, మైకు స్విచ్ ఆపి, బల్ల మీద పెట్టి, బయటికి నడిచింది.

నేనన్నదాంట్లో తప్పేముంది?

జూన్ 5

వారమంతా నేను పనిచేసే కలప మిల్లులో రంపాలకు పదును పెడుతున్నంతసేపూ అదే. తప్పేముంది... తప్పేముంది...

జూన్ 8, ఆదివారం

రెండో మైకు ఖాళీ. నా హిందీ నేనే చెప్పుకున్నాను. జెట్టీలో కూలీలతో మాట్లాడే హిందీ. దానితో పరలోకం గురించి చెప్పబోతే సామాను దింపమన్నట్టు వచ్చింది. వెనక వరసల పిల్లలు తలలు వంచుకు కూర్చున్నారు. నవ్వినా బాగుండేది.

జూన్ 10

సుగుణ చేపలు తోముతూ — "పిల్ల చూసిన ఆ సినిమా మీరు చూసేరా?"

"చూడక్కర్లేదు."

"చూడకుండానే అంత తిట్టేరన్నమాట."

గిన్నె కొంచెం గట్టిగానే పెట్టింది.

జూన్ 13, శుక్రవారం. ఓడలో

హట్ బేలో ప్రార్థన కూటాలకు ప్రయాణం. ఫీనిక్స్ బే రేవులో క్యూ, వాన, తోపులాట. సముద్రం బాగోలేదు. డెక్ మీదికి ఎవర్నీ పోనివ్వడం లేదు, అందరం కింద హాల్లోనే. టీవీలో హిందీ కామెడీ. లేఖనం తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఓడ ఊగుతుంటే అక్షరాలు నిలవవు. తల ఎత్తాను.

ముగ్గురు పనికిమాలిన స్నేహితులు. అందులో ఒకడు దొంగ ఉపదేశకుడి వేషం కట్టి పెళ్ళింట్లో దూరాడు. వేలు ఆడిస్తాడు, బల్ల గుద్దుతాడు, నరకం నరకం అని అరుస్తాడు. మూడోసారి గుద్దేసరికి బల్ల విరిగింది, పెట్టుడు గడ్డం ఊడి పాయసం గిన్నెలో పడింది. తీశాడు, పిండాడు, మళ్ళీ తగిలించుకున్నాడు — ప్రసంగం ఆపకుండా.

నవ్వాను. కడుపు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా.

పక్క సీట్లో అప్పల్రాజు, మా ఊరు బాంబూఫ్లాట్ వాడే, చేపల వేటకెళ్ళే మనిషి. "ఏటి పాస్టరుగోరూ, మీరూ నవ్వేత్తన్నారేటి?"

"లేదు. దగ్గు."

"దగ్గా! అరే భయ్యా, పాస్టరుగోరికి జర పానీ దేవోయ్. దగ్గొచ్చి కళ్ళంట నీళ్ళు కారిపోతన్నాయి!"

హాలంతా మళ్ళీ నవ్వింది, ఈసారి నన్ను చూసి. నీళ్ళు తాగాను. అబద్ధం మాత్రం దిగలేదు.

జూన్ 14. హట్ బే

ప్రసంగం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

మధ్యాహ్నం నుంచి బుర్రలో శారాయే, లేఖనంలోని ముసలావిడ. ఈ వయసులో నీకు బిడ్డ పుడతాడని దేవుడంటే గుడారం తలుపు వెనక నవ్వింది. అడిగితే భయపడి నవ్వలేదంది. కాదు, నవ్వావు అన్నాడు ఆయన. అంతే. శపించలేదు. పుట్టిన బిడ్డకు నవ్వు అనే పేరే పెట్టించాడు. ఇరవై ఏళ్ళుగా ఈ భాగం బల్ల గుద్ది చెబుతున్నాను. తలుపు వెనక నవ్విన నా పిల్లకు నేనేం చేశాను?

జూన్ 15

ఓడ రేపు. వాన.

ఆ సినిమా నన్ను వదలడం లేదు. బూతులకు ఆమెన్ అనను, ఇప్పటికీ అనను. కానీ ఆ ముగ్గురూ ఒకర్నొకరు తిట్టని తిట్టు లేదు, చివర్లో ఒకణ్ణి పోలీసులు పట్టుకుపోతుంటే మిగతా ఇద్దరూ పరిగెత్తి జీపెక్కేశారు — వీడు లేకపోతే బయట మాకేం పని అని. గొప్పవాణ్ణని మెడ బిగించిన ప్రతివాడూ బురదలో పడ్డాడు. హాల్లో బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్ళు, నికోబారీలు, మనవాళ్ళు — ఒకే క్షణంలో ఒకే నవ్వు. నా ప్రసంగానికి ఇద్దరు మనుషులూ రెండు మైకులూ కావాలి, అయినా సగం మంది కిటికీలోంచి చూస్తుంటారు.

పిల్లలకు ఆ సినిమాల్లో దొరికేది ఇదేనేమో. ఎవడూ వేలు చూపించని చోటు.

జూన్ 17, మంగళవారం

మిల్లు నుంచి నేరుగా డిగ్నాబాద్. అక్క టీ ఇచ్చింది. కరుణ లోపలి గదిలో, తెర వెనక. రాదు. తెరతోనే మాట్లాడాను.

"ఓడలో ఒక సినిమా చూశాను."

చప్పుడు లేదు.

"గడ్డం పాయసంలో పడింది."

లేదు.

"పిండేసి మళ్ళీ పెట్టుకున్నాడు గానీ... కిస్‌మిస్ ఒకటి వేలాడుతూనే ఉంది."

తెర వెనక ముక్కులోంచి ఏదో చప్పుడు. అక్క అంది — "నవ్వేవేటే?"

"లేదత్తా."

"నవ్వావు" అన్నాను.

తెర తీసింది. పెదాలు నవ్వుతున్నాయి, కళ్ళు కాదు. "తిట్టేవు నాన్నా, సరే. ఘర్‌మే తిడితే నేనూ రెండు అనేదాన్ని. నా నోటితోనే నన్ను తిట్టించేవు. వో గలత్ థా."

"ఔను. తప్పే."

"ఇక్కడ అత్త ముందు ఔనంటే ఏం లాభం? అక్కడన్నావు కదా, అందరి ముందు."

టీ చల్లారిపోయింది. అయినా తాగాను.

జూన్ 19

ఆదివారం సాక్ష్యాల వేళ ఎవరైనా లేచి తమ తప్పు ఒప్పుకోవచ్చు. ఎంతమందిని లేపాను నేను! వేలు పెట్టి చూపించి మరీ. ఒక్కసారీ నేను లేవలేదు.

ఫోను చేశాను. "ఈ ఆదివారం సాక్ష్యం నాది. హిందీలో ఎవరు చెబుతారు?"

"నీ జెట్టీ హిందీ ఉంది కదా నాన్నా."

వేళాకోళం. మూడు వారాలు కావస్తోంది ఆ గొంతులో వేళాకోళం విని. పనిలో ఉన్నానంటూ పెట్టేసింది. వస్తాననలేదు. రాననీ అనలేదు.

జూన్ 21

నాలుగుసార్లు రాశాను. నాలుగోది సుగుణకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివింది.

"ఇందులో శారా ఉంది, దావీదు ఉన్నాడు. మీరెక్కడ?"

చింపేశాను. ఐదోది ఆరు వాక్యాలు.

జూన్ 22, ఆదివారం

ఉదయం ఎనిమిదిన్నర. వాన తెరిపిచ్చింది. మందిరంలో చాపలు పరిచాం. రెండో మైకు కూడా పెట్టాను. సుగుణ చూసింది, కాళ్ళకు అడ్డం పడకుండా వైరు సర్దింది.

అవతల చాతం నుంచి ఫెర్రీ వచ్చినట్టుంది, కూత వినిపించింది; కరుణ వస్తే అందులోనే. జెట్టీ నుంచి ఇక్కడికి నడక పది నిమిషాలు. తలుపు వైపు చూడకూడదనుకుంటున్నాను. చూస్తున్నాను.

మొదటి వాక్యం చిన్నదే — నేనూ నవ్వాను, నవ్వలేదని అబద్ధమాడాను. అది చెప్పి, ఎప్పటిలాగే ఆగుతాను. అదే మాట హిందీలో చెప్పడానికి పట్టేంతసేపు.